తొలి జంతువుల కథ ఎక్కడ మొదలుపెట్టాలి



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు ఉద్యోగమంతా అకశేరుకాలే చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఆయన గురించి నాకంటే వాళ్ళే బాగా చెప్పగలరు. నేను ఆయనకు ఇష్టమైన పని గురించి మాట్లాడతాను. డిగ్రీ మొదటి ఏడాదిలో చేరిన అమ్మాయికి స్పంజికను, సముద్రపు ఎనిమోన్‌ను, నత్తను ఎలా పరిచయం చేయాలి? వాటి వెనకున్న దాదాపు అరవై కోట్ల ఏళ్ళ చరిత్రను ఏ కొస పట్టుకుని అందుకోవాలి?

మనకు అలవాటైన దారి అందరికీ తెలిసిందే. మొదటిరోజే బోర్డు మీద వర్గాల పట్టిక వేస్తాం. పొరిఫెరా, నిడేరియా, ప్లాటీహెల్మింథిస్ అంటూ వరసగా ఇకైనోడెర్మేటా దాకా రాసి, ఒక్కోదానికీ ముఖ్య లక్షణాలు, రెండేసి ఉదాహరణలు చెబుతాం. ప్రాక్టికల్స్‌లో ఫార్మలిన్ సీసాలు చూపిస్తాం. సీసాలో అన్నీ పాలిపోయి ఒకే రంగుకు దిగిపోతాయి. నీళ్ళలో విచ్చుకుని ఉండాల్సిన ఎనిమోన్ అందులో ముడుచుకుపోయిన ముద్ద. ఆ ముద్దకు బొమ్మ గీసి, పేర్లు పెట్టి, రికార్డు మీద సంతకం చేయించుకున్న విద్యార్థి పరీక్ష పాసవుతుంది. దాంతోపాటు ఒక నమ్మకం కూడా తెలియకుండానే ఒంటబడుతుంది: పట్టికలో పైనున్నవి అసంపూర్తి ప్రాణులని, అవి మెట్టుమెట్టుగా ఎక్కి చివరికి మనిషి దాకా వచ్చాయని.

ఇది శుద్ధ తప్పు. ఇవాళ మన రేవులో రాతికి అంటుకుని ఉన్న స్పంజిక మనకు తాత కాదు, దూరపు దాయాది. ఇద్దరికీ మూలపురుషుడు ఒక్కడే. అక్కడి నుంచి మనం ఎంత కాలం నడిచి వచ్చామో స్పంజికా సరిగ్గా అంతే కాలం నడిచి వచ్చింది. అది ఆగిపోలేదు. తన బతుకు తాను దిద్దుకుంటూనే ఉంది.

అందుకే నేను అడిగేదేమిటంటే, జంతువును ముందు అది చేసే పనిలో చూపించండి. దాని చరిత్ర మనకు ఎలా తెలిసిందో తర్వాత చెప్పండి. ఇంకా తేలని తగవులు కూడా దాచకుండా చెప్పండి. పట్టిక చివర్న వచ్చినా నష్టం లేదు.

విశాఖ నుంచి భీమిలి దాకా ఒడ్డున అక్కడక్కడా ఖోండలైట్ రాళ్ళు నీళ్ళలోకి చొచ్చుకుని ఉంటాయి. మన దగ్గర ఆటుపోట్ల తేడా గుజరాత్ తీరంలో ఉన్నంత పెద్దది కాదు, మనిషెత్తు కూడా ఉండదు. అయినా అమావాస్యకో పున్నమికో నీరు బాగా వెనక్కి తీసినప్పుడు రాళ్ళ కింది అంచులు బయటపడతాయి. అక్కడ రాతి పళ్ళాల్లో నిలిచిన నీళ్ళ దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టాలి. మాస్టారైతే మొదటి పావుగంట చేతులు వెనక్కి పెట్టుకోమనేవారు. ముట్టుకుంటే ముడుచుకుపోయేవే అక్కడ ఎక్కువ.

ఆ రాతి మీద కాళ్ళు కోసే బార్నకిల్స్ ఉంటాయి. నీరు లేనప్పుడు అవి రాతిలో భాగంలాగే కనిపిస్తాయి, కదలిక ఉండదు. ఒకటి అంటుకుని ఉన్న చిన్న రాతిముక్కను సముద్రపు నీళ్ళున్న గాజుపాత్రలో పెట్టి, భూతద్దం పట్టుకుని కాసేపు ఓపిక పట్టాలి. పైనున్న పలకలు మెల్లగా విడతాయి. లోపలి నుంచి వెంట్రుకలున్న సన్నటి కాళ్ళ గుత్తి ఒకటి బయటికి విచ్చుకుని, నీళ్ళను ఒక్క ఊపున వడకట్టి, మళ్ళీ లోపలికి పోతుంది. మళ్ళీ వస్తుంది. ఆ జంతువు తన తలవైపు భాగాన్ని రాతికి అతికించుకుని, కాళ్ళతో అన్నం తింటోంది. ఇది తెలిశాక ఏ విద్యార్థీ దాన్ని మర్చిపోదు.

ఇంత గట్టి గుల్ల కట్టుకున్న ప్రాణి కాబట్టి పూర్వం దీన్ని నత్తలతో, ఆల్చిప్పలతో కలిపి మొలస్కాలో వేశారు. కువియే అంతటివాడు కూడా అలాగే చేశాడు. ఐర్లండ్‌లోని కార్క్ రేవు దగ్గర పనిచేసిన జాన్ వాన్ థాంప్సన్ అనే సైనిక వైద్యుడు, నీళ్ళలో ఈదే చిన్న డింభకాలను పట్టి ఉంచితే అవి పాత్రలో అంటుకుని బార్నకిల్స్‌గా మారడం చూశాడు. 1830లో ఆ సంగతి ప్రచురించాడు. ఆ డింభకాలు రొయ్యల, పీతల బంధువులవి. పెద్దయ్యాక గుల్ల కట్టుకుని మోసం చేసిన రూపం చిన్నప్పుడు దొరికిపోయింది. డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్ళు ఈ బార్నకిల్స్ మీదే కూర్చున్నాడు. జాతుల పుట్టుక గురించిన పుస్తకం దానికి ఐదేళ్ళ తర్వాత వచ్చింది.

మన డిగ్రీ సిలబస్‌లో తరతరాలుగా ఉన్న హెర్డ్‌మానియా కథ కూడా ఇలాంటిదే. రాతికో ఓడ అడుక్కో అంటుకుని, రెండు రంధ్రాలతో నీళ్ళు పీల్చి వదిలే ఈ తోలుసంచీని చూసి ఎవరైనా మన చుట్టమనుకుంటారా? రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ ఆ కోవ జంతువుల డింభకాన్ని పరిశీలించి, దాని తోకలో పృష్ఠవంశం ఉందని 1866లో చూపించాడు. అంటే వెన్నెముక జీవులకు అది దగ్గరి బంధువు. డింభకాన్ని పాఠం చివర రెండు వాక్యాల్లో తేల్చేసే అలవాటు మానుకోవాలని నేను గట్టిగా అంటున్నాను. బంధుత్వపు సాక్ష్యమంతా అక్కడే ఉంది.

ఇక స్పంజిక. దీన్ని పరిచయం చేయడం అన్నిటికంటే కష్టం. కదలదు, కళ్ళు లేవు, నోరు లేదు, నరాలు లేవు. అయితే దానికో మంచి పరీక్ష ఉంది. రాతికి అంటుకున్న స్పంజికను నీళ్ళలోంచి పైకి తీయకూడదు. తీస్తే సన్నని నాళాల్లోకి గాలి దూరి అది దెబ్బతింటుంది. ఉన్నచోటే, నీళ్ళు కదలని సమయం చూసి, డ్రాపర్‌తో దాని పక్క గోడ దగ్గర కాస్త తినే రంగు వదలాలి. రంగు మెల్లగా గోడలోకి ఇంకిపోతుంది. కొద్దిసేపటికి పైనున్న పెద్ద రంధ్రం నుంచి చిన్న పొగలా నిటారుగా లేస్తుంది. చచ్చిన రాయి అనుకున్నది నీళ్ళను లోపలికి తోడి బయటికి నెడుతోందని అప్పుడు అర్థమవుతుంది. రోజంతటిలో తన ఒంటి పరిమాణానికి వేల రెట్లు నీళ్ళను వడకట్టే స్పంజికలున్నాయి. ఆ పంపు ఎక్కడుంది అని పిల్లలు అడుగుతారు. అడగాలి. అడిగాకే మైక్రోస్కోప్ బల్ల దగ్గరికి తీసుకెళ్ళాలి.

అక్కడ కాలర్ కణాలు కనిపిస్తాయి. ఒక్కో కణానికి మధ్యలో కొట్టుకునే కశాభం, దాని చుట్టూ సన్నని పోగులతో కట్టిన దడి. కశాభం నీళ్ళను లాగుతుంటే, ఆ దడికి బాక్టీరియా అంటుకుంటుంది. 1860లలో అమెరికన్ జీవశాస్త్రవేత్త హెన్రీ జేమ్స్ క్లార్క్ ఒక విచిత్రం గమనించాడు. అచ్చు ఇలాంటి కాలర్‌తోనే ఒంటరిగా బతికే ఏకకణ జీవులు కుంటల్లో, సముద్రాల్లో ఉన్నాయి. వాటిని కోఎనోఫ్లాజెల్లేట్లు అంటాం. జంతువులకు అత్యంత దగ్గరి ఏకకణ బంధువులు ఇవేనని ఇప్పుడు జన్యువులు కూడా సాక్ష్యం చెబుతున్నాయి. మోనోసైగా అనే జాతి జీనోమ్‌ను 2008లో చదివినప్పుడు, జంతువుల్లో కణాన్ని కణానికి అతికించే ప్రొటీన్ల కుటుంబానికి చెందిన జన్యువులు అందులో దొరికాయి. ఒంటరిగా బతికే కణానికి ఆ జిగురుతో పనేమిటి? బహుశా బాక్టీరియాను పట్టుకోవడానికి కావచ్చు. ఒక పనికి ఉన్న సామాను తర్వాత మరో పనికి వచ్చి ఉంటుంది. నికోల్ కింగ్ బృందం 2012లో మరో అడుగు వేసింది. సాల్పింజీకా అనే కోఎనోఫ్లాజెల్లేట్ ఒక్కటే కణంగా ఈదుతుంది. ఒక రకం బాక్టీరియా విడిచే కొవ్వు పదార్థం తగిలితే మాత్రం, విభజన చెందిన కణాలు విడిపోకుండా రోజాపువ్వు ఆకారంలో కలిసి ఉండిపోతాయి. వందల కోట్ల ఏళ్ళు ఒంటరి కణాల చేతిలో ఉన్న ప్రపంచంలో కలిసి బతకడం ఎలా మొదలైందో ఊహించడానికి, బీకరులో జరిగే ఈ చిన్న సంగతి ఎంతో పనికొస్తుంది.

దీనికి జతగా 1907 నాటి ప్రయోగం ఒకటి చెప్పి తీరాలి. అమెరికాలో హెచ్. వి. విల్సన్ బతికున్న స్పంజికను సన్నటి పట్టుగుడ్డలోంచి పిండి, విడివిడి కణాలుగా నీళ్ళలోకి రాల్చాడు. ఆ కణాలు పాత్ర అడుగున పాకి, ఒకదాన్నొకటి వెతుక్కుని, కుప్పలుగా చేరి, మళ్ళీ చిన్న స్పంజికలుగా తయారయ్యాయి. శరీరం అంటే ఏమిటి, ఎన్ని కణాలు కలిస్తే ఒక ప్రాణి అవుతుంది అన్న ప్రశ్నను దీనికంటే సూటిగా అడిగిన ప్రయోగం నాకు తెలియదు.

ఇప్పుడు తేలని తగవు దగ్గరికి వద్దాం. జంతు వంశవృక్షంలో అందరికంటే ముందు విడిపోయిన కొమ్మ ఏది? స్పంజికే అని నా తరం చదువుకుంది. టీనోఫోర్లు అని మరో వర్గముంది. గాజులాంటి ఒళ్ళు, దాని మీద ఎనిమిది వరుసల దువ్వెన పళ్ళు. వెలుతురులో ఆ వరుసల మీద ఇంద్రధనుస్సు రంగులు పరుగెడతాయి. ప్లూరోబ్రేకియా మన బంగాళాఖాతంలోనూ ప్లాంక్టన్ వలకు చిక్కుతుంది. వీటికి కండరాలున్నాయి, నరాలున్నాయి. అయినా స్పంజిక కంటే ముందు విడిపోయింది ఇదేనని 2008లో ఒక జన్యు విశ్లేషణ చెప్పేసరికి పెద్ద దుమారం రేగింది. 2023లో డారిన్ షుల్జ్, ఆయన తోటివాళ్ళు వేరే దారిలో వెళ్ళారు. క్రోమోజోముల్లో జన్యువులు ఏ గుంపుగా ఉన్నాయో పోల్చి చూశారు. కొన్ని జన్యువుల గుంపులు ఏకకణ బంధువుల్లోనూ టీనోఫోర్లలోనూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి. స్పంజికల్లో, నిడేరియాలో, మిగతా జంతువుల్లో మాత్రం ఒకదానితో ఒకటి కలిసి కలగాపులగమయ్యాయి. అలా ఒకసారి కలగలిసినవి మళ్ళీ మునుపటిలా విడిపోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి ఆ కలయికకు ముందే టీనోఫోర్లు విడిపోయి ఉండాలి అని వాళ్ళ వాదన. నాకు ఈ తర్కం చాలా బలంగా కనిపిస్తుంది. అయినా స్పంజికల పక్షం ఊరుకోలేదు, ఆ తర్వాత కూడా వాదన నడుస్తూనే ఉంది. టీనోఫోర్లే మొదటివైతే నాడీవ్యవస్థ రెండుసార్లు పుట్టి ఉండాలి, లేదా ఉన్నదాన్ని స్పంజికలు పోగొట్టుకుని ఉండాలి. ఏదైనా సరే, మెట్ల లెక్క కూలిపోతుంది. ఈ తగవును తరగతి గదిలో పెడితే పిల్లలు అయోమయపడతారని కొందరు అధ్యాపకుల భయం. పిల్లలు బెదిరిపోవడం నేను చూడలేదు. తమ వయసువాళ్ళు పరిష్కరించగల పని ఇంకా మిగిలి ఉందని తెలిస్తే వాళ్ళ ముఖాలు వెలుగుతాయి.

రాళ్ళు వదిలి ఇసుక దగ్గరికి వస్తే, అందులో ఏముంది అంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రానికి సముద్రపు చూపునిచ్చిన ఆచార్య పి. ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు కలిసి వాల్తేరు ఇసుక తీరాల్లో రేణువుల మధ్య సందుల్లో బతికే జంతువుల మీద చేసిన అధ్యయనం 1962లో అచ్చయింది. రెండు ఇసుక రేణువుల మధ్య నీటిపొరలో కాపురముండే గాస్ట్రోట్రిక్‌లు, టార్డిగ్రేడ్లు, సూదంత కూడా లేని పురుగులు, కోపిపాడ్లు... మన పాఠ్యపుస్తకాలు చిన్న వర్గాలని పక్కన పెట్టేవన్నీ అక్కడే ఉంటాయి. గుప్పెడు తడి ఇసుకను మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన నీళ్ళలో కాసేపు ఉంచితే అవి మత్తుగా పట్టు వదులుతాయి. గిరగిరా తిప్పి పైనీటిని సన్నటి జాలిలో పోసి చూడాలంతే. రామకృష్ణా బీచ్‌లో సాయంత్రం వేలమంది నడిచే ఇసుక కింద ఇంత లోకం ఉందని విశాఖలో పుట్టిన పిల్లలకే తెలియకపోవడం నన్ను బాధపెడుతుంది.

మరి వీటన్నిటి పూర్వం? దానికీ మన రాష్ట్రంలోనే ఒక మంచి గుమ్మం ఉంది. కడప జిల్లాలో వేంపల్లె పేరుతో పిలిచే డోలమైట్ రాళ్ళలో స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. అడ్డంగా తెగిన చోట సగానికి కోసిన ఉల్లిపాయలా పొర మీద పొర కనిపిస్తుంది. అవి 180 కోట్ల ఏళ్ళకు పైబడినవి. లోతు తక్కువ సముద్రపు అడుగున సయనోబాక్టీరియా చాపలా పరుచుకుని, మట్టి రేణువుల్ని పట్టుకుని, మళ్ళీ పైకి పెరుగుతూ కట్టినవి. ఆ పొరలు అంత చెక్కుచెదరకుండా ఎలా ఉన్నాయి? వాటిని మేసే నత్త లేదు, తొలిచే పురుగు లేదు. జంతువులు లేని సముద్రం ఎలా ఉండేదో చేత్తో తడిమి చూడగల చోటు అది. ఇప్పుడు అలాంటివి ఆస్ట్రేలియాలోని షార్క్ బే వంటి మేత జీవులు బతకలేని అతి ఉప్పటి నీళ్ళలో దర్జాగా పెరుగుతున్నాయి.

అలాంటి చాపల మీదే తొలి పెద్ద ప్రాణులు తలెత్తాయి. 1946లో రెగ్ స్ప్రిగ్ దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియకారా కొండల్లో వాటి ముద్రలు చూశాడు. అయితే తరగతిలో నేను చెప్పేది ఇంగ్లండ్‌లోని చార్న్‌వుడ్ అడవి కథ. 1956లో టీనా నీగస్ అనే పదిహేనేళ్ళ బడిపిల్ల అక్కడి రాతి మీద ఆకులాంటి ముద్ర చూసి, వెళ్ళి తన టీచరుకు చెప్పింది. ఆ రాళ్ళు కేంబ్రియన్‌కు ముందువి, వాటిలో శిలాజాలు ఉండవు అని సమాధానం వచ్చింది. మరుసటి ఏడు రాళ్ళెక్కడానికి వెళ్ళిన రోజర్ మేసన్ అనే మరో బడిపిల్లవాడు అదే ముద్రను కాగితం మీద రుద్ది తెచ్చాడు. అది లీస్టర్ విశ్వవిద్యాలయంలో ట్రెవర్ ఫోర్డ్ దాకా వెళ్ళింది. ఆయన స్వయంగా వెళ్ళి చూసి 1958లో దానికి చార్నియా మేసోనై అని పేరు పెట్టాడు. వయసు దాదాపు 56 కోట్ల ఏళ్ళు. ఆ టీచరు చెడ్డవారేం కాదు, పుస్తకంలో ఉన్నది చెప్పారు. కానీ ఆ అమ్మాయితో కలిసి ఒక్కసారి అక్కడికి వెళ్ళి ఉండాల్సింది.

దీనికి ఎదురుగా మన దేశపు కథ ఒకటి పెట్టాలి. మధ్యప్రదేశ్‌లోని భీంబెట్కా గుహ పైకప్పులో డికిన్సోనియా అనే ఎడియకారా ప్రాణి ముద్ర కనిపించిందని ఒక అంతర్జాతీయ బృందం ప్రకటించింది. 2021లో పత్రికల్లో మోత మోగింది. తర్వాత జోసెఫ్ మీర్ట్ బృందం మళ్ళీ అక్కడికి వెళ్ళి చూసింది. ముద్ర అప్పటికే చెదిరి ఊడిపోతోంది. శిలాజం అయితే రెండేళ్ళలో రాలిపోదు. మైనపు ఆనవాళ్ళు దొరికాయి. అది కొండ తేనెటీగలు వదిలేసిన పట్టు తాలూకు మరక. 2023లో ఆ సంగతి అచ్చయింది, మొదట ప్రకటించిన శాస్త్రవేత్త కూడా ఒప్పుకున్నారు. అసలు డికిన్సోనియా జంతువేనా అన్న పాత సందేహం మాత్రం 2018లో దాదాపు తీరింది. రష్యాలో శ్వేత సముద్రం ఒడ్డున దొరికిన 55.8 కోట్ల ఏళ్ళ నమూనాలో కొలెస్టరాల్ అణువుల జాడ మిగిలి ఉంది. ఆ కొవ్వు జంతువుల ముద్ర.

కేంబ్రియన్ విస్ఫోటం గురించి అందరూ చెబుతారు గనక నేను క్లుప్తంగా ముగిస్తాను. చెంగ్‌జియాంగ్, బర్జెస్ షేల్ శిలాజాల బొమ్మలు పుస్తకాల నిండా ఉన్నాయి. నాకు వాటికంటే ఒక బొరియ ముఖ్యం. కేంబ్రియన్ యుగం మొదలును శాస్త్రవేత్తలు ఏ గుర్తుతో నిర్ణయించారో తెలుసా? కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఫార్చ్యూన్ హెడ్ దగ్గర రాతిలో ఒక పురుగు తవ్విన కొమ్మలు కొమ్మల బొరియతో. వయసు సుమారు 53.9 కోట్ల ఏళ్ళు. ఆ పురుగు ఏదో మనకు తెలియదు, దాని ఒళ్ళు దొరకలేదు. కానీ అప్పటిదాకా బాక్టీరియా చాపల మీద అడ్డంగా పాకిన జంతువులు మట్టిలోకి నిలువుగా దిగడం మొదలుపెట్టాయి. చాపలు చిరిగిపోయాయి, బురదలోకి ఆక్సిజన్ దిగింది, సముద్రపు అడుగు శాశ్వతంగా మారిపోయింది. భీమిలి ఒడ్డున ఇసుకలో కన్నం తవ్వి, తవ్విన ఇసుకను పక్కన పోసే పీత చేస్తున్నది ఆ పనే.

తెలంగాణ కాలేజీల నుంచి వచ్చినవాళ్ళు నన్ను తప్పకుండా అడుగుతారు: మాకు సముద్రమేది? మీ చెరువులో మునిగిన కొమ్మకు పచ్చగా అంటుకున్న మంచినీటి స్పంజిక ఉంటుంది, నాచులో హైడ్రా ఉంటుంది. నెల్సన్ అన్నండేల్ 1911లోనే మన దేశపు మంచినీటి స్పంజికల మీద, హైడ్రాల మీద ఒక సంపుటం రాసిపెట్టాడు. హైడ్రాను ముక్కలు చేస్తే ముక్కముక్కా మళ్ళీ పూర్తి ప్రాణి అవుతుందని ట్రెంబ్లీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1744లో ప్రచురించాడు. ఆ పరిశీలనకు భూతద్దం, గాజు గ్లాసు, ఓపిక చాలు.

ఒక హెచ్చరిక. పిల్లలతో వెళ్ళిన చోట నుంచి ఏదీ ఇంటికి తేవద్దు. పగడాలు, సముద్ర దోసకాయలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. తిప్పిన రాయిని మళ్ళీ అలాగే బోర్లించాలి, దాని కిందివన్నీ నీడలో బతికేవి. ప్రాక్టికల్స్‌లో జంతువుల కోతల్ని తగ్గించమని యూజీసీ 2011లో మార్గదర్శకాలిచ్చింది. ఆ కోతల గంటలు ఖాళీ అయ్యాయి కదా, వాటిని ఒడ్డుకో చెరువుకో ఇవ్వండి. నీరు తీసే వేళల పట్టికను కాలేజీ టైంటేబుల్ పక్కన అతికించండి.

పరీక్ష మారకపోతే ఇదంతా గాలికి పోతుందని నాకు తెలుసు. అందుకే ఒక ప్రశ్న సూచిస్తున్నాను. చార్నియా ఫోటో ఒకటి, భీంబెట్కా మరక ఫోటో ఒకటి పక్కపక్కన ఇవ్వండి. ఏది జంతువు అని అడగవద్దు. అది తేల్చడానికి ఆ రాతి దగ్గరికి వెళ్ళి ఇంకా ఏమేం చూస్తారో రాయమనండి. ముద్ర రాతిపొర లోపల ఉందా, పైకి అంటుకుని ఉందా చూస్తానని ఒకరు రాస్తారు. అలాంటివి అదే పొరలో ఇంకా ఉన్నాయేమో వెతుకుతానని ఒకరు, గీకి రసాయన పరీక్ష చేస్తానని ఇంకొకరు, వచ్చే ఏడు మళ్ళీ వచ్చి అలాగే ఉందో లేదో చూస్తానని మరొకరు రాస్తారు. అన్నిటికీ పూర్తి మార్కులు వేయండి.